సీటీలో గ్యాస్ లేదంటే నెక్రోటైజింగ్ ఫేషియైటిస్ కాదని వదిలేయొచ్చా?

షుగర్ పేషెంట్, కాలు వాచి ఎర్రబడింది, సీటీలో గ్యాస్ లేదు కాబట్టి నెక్రోటైజింగ్ ఫేషియైటిస్ (కండరాల మీది ఫేషియా పొర కుళ్లిపోయే ప్రమాదకర ఇన్‌ఫెక్షన్) కాదు, సెల్యులైటిస్ (చర్మం, దాని కింది పొర వరకే ఉండే ఇన్‌ఫెక్షన్) అనుకోవచ్చా అని కదా ప్రశ్న. ఆ ఒక్క మాట పట్టుకుని అనుకోకండి. గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే రకంలో చాలాసార్లు గ్యాసే పుట్టదు. 2019 నాటి ఒక మెటా అనాలిసిస్‌లో ఎక్స్‌రే సగం కేసుల్నే పట్టింది, సీటీ 88 శాతం దాకా పట్టింది. మిగతా 12 శాతంలో మీ పేషెంట్ ఉండొచ్చు.

ఫిల్మ్ మీరే మళ్లీ చూడండి, ముందు లంగ్ విండోలో (గాలి విడిగా కనిపించేలా పెట్టే స్క్రీన్ సెట్టింగ్). సాఫ్ట్ టిష్యూ విండోలో కొవ్వు కూడా నల్లగానే ఉంటుంది కాబట్టి చిన్న గాలిబుడగలు అందులో కలిసిపోతాయి. కొవ్వు మైనస్ 100 హౌన్స్‌ఫీల్డ్ (సీటీలో సాంద్రత కొలత) దగ్గరుంటే గాలి మైనస్ 1000 దగ్గరుంటుంది, విండో మార్చగానే తేలిపోతుంది. తర్వాత కండరాల మధ్య డీప్ ఫేషియా వెంట పోండి. అది మందంగా ఉందా, పక్కన నీరు చేరిందా, అన్నిటికన్నా ముఖ్యంగా కాంట్రాస్ట్ (నరంలోకి ఎక్కించే మందు) తీసుకుందా? తీసుకోకపోతే అక్కడ రక్తప్రసారం ఆగినట్టే. వట్టి నీరు గుండె, కిడ్నీ వాపుల్లోనూ కనిపిస్తుంది, అందుకే రెండు కాళ్లూ కలిపి తీయించి పోల్చుకోవాలి.

రిక్వెస్ట్ మీద "సీటీ లెగ్" అని రాసి ఊరుకోవద్దు. జబ్బున్న చోటికి పైనా కిందా ఒక్కో కీలు దాకా రావాలి. తొడ, గజ్జల్లో అయితే పెరినియం (మలద్వారం, జననాంగాల మధ్య భాగం), వృషణాలు, పొట్ట గోడ కూడా. కాంట్రాస్ట్ 80–100 మి.లీ., 70–80 సెకన్ల తర్వాత స్కాన్. క్రియాటినిన్ ఎక్కువగా ఉంటే కాంట్రాస్ట్ లేకుండా ప్లెయినే చేయించండి. గ్యాస్, నీరు అందులోనూ కనిపిస్తాయి. కానీ ఫేషియా బతికుందో లేదో చెప్పదు, కాబట్టి "నార్మల్" అన్న ప్లెయిన్ రిపోర్టుకి విలువ ఇంకా తక్కువ.

ముందే కోత పెట్టినా, తెరిచిన పుండు ఉన్నా బయటి గాలే లోపలికి పోతుంది. పుండు చుట్టూ నాలుగు బుడగలుంటే అనుమానం తక్కువే, దూరంగా ఫేషియా వెంట పాకితే వేరే సంగతి.

ల్రినెక్ స్కోరు (రక్త పరీక్షల ఫలితాలతో లెక్కించేది) 6 లేదా అంతకంటే ఎక్కువ వస్తే అనుమానించండి. తక్కువొచ్చిందని మాత్రం ధీమా వద్దు, మూడో వంతు కేసులు దానికి దొరకవు.

బీపీ పడిపోతున్నా, బొబ్బలు నల్లబడినా, నొక్కితే చిటపటమన్నా సీటీ అసలు వద్దు, నేరుగా ఆపరేషన్ థియేటర్‌కే. స్కాన్ గదిలో ఆ పేషెంట్‌ని పడుకోబెట్టడం నా ఉద్దేశంలో శుద్ధ దండగ. నిలకడగా ఉండి, సీటీ తర్వాతా అనుమానం తీరకపోతే లోకల్ మత్తు ఇచ్చి 2 సెం.మీ. కోత డీప్ ఫేషియా దాకా పెట్టండి. రక్తం రాకుండా అంట్లు కడిగిన నీళ్లలాంటి ద్రవం వచ్చినా, వేలు అడ్డు లేకుండా పొరల మధ్య జారినా ఇక ఆలోచించేదేం లేదు. ద్రవం గ్రామ్ స్టెయిన్‌కి (బ్యాక్టీరియా చూసే పరీక్ష) పంపి డిబ్రైడ్‌మెంట్ (చచ్చిన కణజాలం కోసి తీసేయడం) మొదలెట్టాలి.

యాంటీబయాటిక్స్ మొదటి డోసు, క్లిండమైసిన్‌తో సహా, స్కాన్‌కి ముందే వెళ్లాలి. అప్పుడే ఎరుపు అంచున మార్కర్‌తో గీత గీసి టైమ్ రాయండి. తిరిగొచ్చేసరికి గీత దాటితే రిపోర్టు కోసం ఆగకుండా సర్జన్‌ని పిలవండి.