డాక్టర్ ఫీజు రెండొందలే కదా, పేదవాళ్లకు అదీ భారమేనా?

భారమే. ఫీజు ఒక్కటే చూస్తే చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ లంక గ్రామంలో ఉండే కూలి మనిషి అమలాపురంలో చూపించుకోవాలంటే రేవు దాటాలి, ఆటో ఎక్కాలి, ఆ రోజు కూలి పోతుంది. తోడొచ్చినవాళ్ల కూలి కూడా. ఆపైన రక్త పరీక్ష, మందులు. అందుకే జ్వరమొస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర అరువుకి ఇంజక్షన్ చేయించుకుని మళ్లీ నాట్లకు వెళ్లిపోతారు.

"ఫీజు ఉంటే ఊరికే రారు" అనేవాళ్లున్నారు. 1970ల్లో అమెరికాలో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ మొదలుపెట్టిన పెద్ద ప్రయోగంలో, చేతి డబ్బు కట్టాల్సొస్తే జనం అనవసరమైన వైద్యంతో పాటు అవసరమైనదీ తగ్గించుకున్నారని తేలింది. బీపీ ఉన్న పేదవాళ్లకైతే వైద్యం ఉచితమైనచోటే బీపీ బాగా అదుపులో ఉంది. నా భయమంతా ఇక్కడే. బీపీ, షుగర్ నొప్పి పెట్టవు; డబ్బుకి ఇబ్బందైన నెలలో ముందు మానేసేది ఆ బిళ్లలే.

2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన ప్రభుత్వ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరాల్సిన పెద్ద జబ్బులకు. మామూలు ఓపీకి ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే (పీహెచ్‌సీ) దిక్కు. అక్కడ చూడటం, మందులు ఉచితం. బీపీ బిళ్లలు నెలకు సరిపడా ఇమ్మని అడగండి.