దిక్కులు కాసే దేవుళ్లు నలుగురా, ఎనిమిది మందా?

ప్రశ్న (కావలి నుంచి ఒక పాఠకురాలు): మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసినప్పుడు అష్టదిక్పాలకులని ఎనిమిది మందికి పూజ చేయించారు. మొన్న బోధ్‌గయ పోతే అక్కడ టిబెట్ వాళ్ల గుడి వాకిట్లో గోడ మీద నలుగురు రాజుల బొమ్మలున్నాయి, గైడ్ ఏమో వీళ్లే దిక్కులు కాసేవాళ్లు అన్నాడు. వీళ్లూ వాళ్లూ ఒకటేనా సార్?

జవాబు: ఒక్కరు మాత్రం ఖాయంగా ఒకటేనమ్మా, ఉత్తరం కాసే కుబేరుడు. మిగతా ముగ్గురూ వేరే. మన లెక్క మీకు తెలిసిందే, వ్రతంలో తమలపాకుల మీద వక్కలు పెట్టించి ఒక్కొక్కరినీ పిలుస్తారే, తూర్పు ఇంద్రుడు, ఆగ్నేయం అగ్ని, దక్షిణం యముడు, నైరుతి నిరృతి, పడమర వరుణుడు, వాయవ్యం వాయువు, ఉత్తరం కుబేరుడు, ఈశాన్యం ఈశానుడు. బౌద్ధుల్లో మూలలకి కాకుండా నాలుగు దిక్కులకే నలుగురు మహారాజులు. తూర్పున ధృతరాష్ట్రుడు (కౌరవుల నాన్న కాదు, గంధర్వుల రాజు), దక్షిణాన విరూఢకుడు, పడమర నాగుల రాజు విరూపాక్షుడు, ఉత్తరాన యక్షుల రాజు వైశ్రవణుడు. ఈ వైశ్రవణుడే మన కుబేరుడు, విశ్రవసు కొడుకు గదా.

మీరు చూసిన బొమ్మల్లో తెల్లగా వీణ లాంటిది పట్టుకున్నాయన తూర్పు, నీలంగా కత్తి పట్టుకున్నాయన దక్షిణం, ఎర్రగా ఉన్నాయన పడమర, పసుపు రంగులో ఒక చేత్తో ధ్వజం ఇంకో చేత్తో ముంగిస పట్టుకున్నాయన మన కుబేరుడు, ఆ ముంగిస నోట్లోంచి రత్నాలు రాలతా ఉంటాయి. ఇదేదో టిబెట్ పోయాక పుట్టిన కథ అనుకోబాకండి, మధ్యప్రదేశ్‌లో భార్హుత్ స్తూపం కంచె స్తంభాల మీద రెండు వేల ఏళ్ల కిందటే కుబేరుణ్ణీ విరూఢకుణ్ణీ చెక్కి కింద పేర్లు కూడా రాశారు, ఆ స్తంభాలు ఇప్పుడు కోల్‌కతా ఇండియన్ మ్యూజియంలో ఉన్నాయి. జపాన్‌లో ఒసాకా ఊళ్లో అయితే 593లో ఈ నలుగురి పేరు మీదే షిటెన్నోజీ అని గుడి మొదలుపెట్టారు.

వీళ్ల కథల్లో నాకు బాగా ఇష్టమైంది భిక్షాపాత్ర కథ. బుద్ధుడికి జ్ఞానోదయం అయినాక ఇద్దరు వర్తకులు తినేదానికి తెచ్చిచ్చారు, తీసుకునేదానికి ఆయన దగ్గర గిన్నె లేదు, అప్పుడు ఈ నలుగురూ తలా ఒక రాతి పాత్ర తెచ్చారంట. ఒకరిది తీసుకుంటే మిగతావాళ్లు నొచ్చుకుంటారని నాలుగూ తీసుకుని ఒకటిగా చేశాడు. గాంధార శిల్పాల్లో ఆ పాత్ర అంచు దగ్గర గీతలు గీతలుగా ఉంటాయి, నాలుగు అంచులు కలిసిన గుర్తు అన్నమాట, ఎంత శ్రద్ధగా చెక్కారో చూడండి. మన జిల్లాల వాళ్లకి బౌద్ధం దూరం కూడా కాదు, దొనకొండ దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున చందవరం స్తూపం ఉంది, వీలైతే పిల్లల్ని తీసుకుపోయి చూపించండి.

ప్రశ్న (ఒంగోలు నుంచి ఒక పాఠకుడు): దక్షిణం యముడి దిక్కని దక్షిణం వాకిలి ఇల్లు కొనొద్దంటున్నారు మా అత్తగారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: యముడు ఆ దిక్కుకి కాపలా అండీ, ఆయన్ని చూసి భయపడేదేముంది? కఠోపనిషత్తులో నచికేతుడు ఆయన ఇంటి ముందు మూడు రాత్రులు అన్నం లేకుండా ఉన్నాడని, అతిథిని అలా ఉంచినందుకు మూడు వరాలిచ్చాడు యముడు. పెద్దావిడ మనసు నొప్పించకుండా ఈ కథ చెప్పి చూడండి. ఇల్లు మాత్రం గాలీ వెలుతురూ, బోరులో నీళ్లు ఉప్పగా ఉన్నాయా తియ్యగా ఉన్నాయా, కాగితాలు సరిగ్గా ఉన్నాయా చూసుకుని కొనుక్కోండి.