మందులు వాడుతున్నాడని మా తమ్ముణ్ణి పనికి రావద్దన్నారు - సమాధానం

బొబ్బిలి నుంచి అడిగిన అమ్మా, స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకి మందులు వాడుతున్నాడని తెలిసి మీ తమ్ముణ్ణి షాపు ఓనరు రావద్దన్నాడు, చుట్టాలు పెళ్లికి తేవద్దంటున్నారు అన్నారు కదా.

డాక్టరుగారిని ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడగండి. "పని చేయగలడు" అని ఉంటే చాలు, జబ్బు పేరు వద్దని ముందే చెప్పండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఆ వివరాల గోప్యత అతని హక్కు. ప్రిస్క్రిప్షన్ మాత్రం ఓనరుకి చూపించకండి. మందుల పేర్లు బజారంతా పాకుతాయి.

చుట్టాల భయం చాలావరకు పైకి కనిపించేదాన్ని బట్టే. చేయి వణికి గ్లాసులో టీ తొణికితే "ఇంకా తగ్గలేదు" అనేస్తారు. ఆ వణుకు, బిగుసుకున్న నడక తరచుగా మందుల వల్లే వస్తాయి. డాక్టరుకి చెబితే మోతాదు తగ్గిస్తారు, లేదా మందు మారుస్తారు. నామోషీపడి సొంతంగా ఆపేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం బాగా ఎక్కువ. పాపం, అప్పుడు నింద మళ్లీ అతని మీదే పడుతుంది.

అతనికి ఇష్టమైతే పెళ్లికి తప్పకుండా తీసుకెళ్లండి. వడ్డనలో ఒక చెయ్యి వేయనివ్వండి. రాత్రి మందు, నిద్ర వేళ తప్పకుండా ఇంటికి చేర్చండి. ఎవరైనా "పిచ్చి" అంటే, "వైద్యం జరుగుతోంది, ఆ మాట అనకండి" అని అక్కడే చెప్పండి.

మీకే దిగులైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.