క్యాన్సర్ ఎక్కడికి పాకుతుందో ఏఐ ముందే చెబుతుందా?

ప్రశ్న: మా పాపకు మూడేళ్లు. పొట్ట గట్టిగా తగులుతోందని చూపిస్తే కిడ్నీ పైన కణితి ఉందన్నారు. బయాప్సీలో న్యూరోబ్లాస్టోమా (చిన్నపిల్లల్లో నరాల కణాల నుంచి పుట్టే క్యాన్సర్) అని తేలింది. ఎంఐబీజీ స్కాన్ (కణితి పీల్చుకునే కాస్త రేడియోధార్మిక మందు ఎక్కించి తీసేది) రిపోర్టులో క్యూరీ స్కోరు అని ఓ అంకె వేశారు. స్కాన్లు పంపిస్తే జబ్బు ఇంకా ఎక్కడికి పాకుతుందో ఏఐ చెప్పేస్తుందని బంధువులు అంటున్నారు. ఆ ఫలితం వచ్చేదాకా కీమో మొదలుపెట్టకుండా ఆగమంటారా? - ఒక తల్లి

జవాబు: ముందు మీ చివరి ప్రశ్న సంగతి చూద్దామమ్మా. ఆగొద్దు. ఏఐ ఫలితం కోసం మీ డాక్టర్లు ఇచ్చిన కీమో తేదీని వాయిదా వేయించకండి.

మీ బంధువులు చెప్పింది పూర్తిగా గాలి మాటేమీ కాదు. స్కాన్‌లో కణితి ఆకారం, అంచులు, లోపలి ముదురు లేత తేడాలు, ఇలా మన కంటికి ఆనని వందల కొలతలను కంప్యూటర్ తీయగలదు. దీన్నే రేడియోమిక్స్ అంటారు. 2025లో బోస్టన్ పరిశోధకులు మెదడులో గ్లయోమా కణితులున్న 715 మంది పిల్లల దాదాపు 4 వేల ఎంఆర్ఐలను ఏఐకి చూపించారు. ఒక్క స్కాన్ ఇచ్చినప్పుడు దాని అంచనా బొమ్మా బొరుసు వేసినట్టే ఉంది. అదే చికిత్స తర్వాత వరుసగా తీసిన స్కాన్లు ఇస్తే, ఏడాదిలోపు జబ్బు తిరగబెడుతుందా అన్నది 75 నుంచి 89 శాతం దాకా సరిగ్గా చెప్పగలిగింది. అయితే అది వేరే జబ్బు, వేరే ప్రశ్న. పైగా పిల్లల క్యాన్సర్లు అరుదు కాబట్టి ఏఐకి నేర్పడానికి కేసులు తక్కువ. ఒక మెషీన్ స్కాన్లతో నేర్చుకున్నది ఇంకో మెషీన్ స్కాన్ల దగ్గర తడబడుతుంది కూడా. మీ పాప చికిత్సను దాని మాట మీద మార్చే దశ ఇంకా రాలేదు.

నిజానికి స్కాన్ చూసి ముందు సంగతి అంచనా వేసే పద్ధతి మీ చేతిలోని రిపోర్టులోనే ఉంది. అదే క్యూరీ స్కోరు. అస్థిపంజరాన్ని 9 భాగాలు చేస్తారు. ఎముకలు కాని మెత్తటి భాగాలన్నీ కలిపి పదోది. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 30. మార్కులు పెరిగితే జబ్బు ఎక్కువ చోట్ల ఉన్నట్టు. ఇప్పటి అంకె చూసి బెంబేలెత్తకండి. తీవ్రమైన రకంలో తొలి విడత కీమోలు పూర్తయ్యాక వచ్చే స్కోరు చాలా ముఖ్యం. అప్పుడు 2 లేదా అంతకన్నా తక్కువ ఉంటే మంచి సూచన.

స్కాన్‌కు దొరకనివీ ఉన్నాయి. ఎముక మూలుగలో కొద్దిపాటి కణాలు దాక్కుంటే ఏ స్కాన్‌లోనూ కనిపించకపోవచ్చు. అందుకే తుంటి ఎముక రెండు వైపుల నుంచీ మూలుగ తీసి పరీక్షిస్తారు. బయాప్సీ ముక్కలో ఎంవైసీఎన్ అనే జన్యువు ప్రతులు బాగా పెరిగాయేమో చూస్తారు. పెరిగితే జబ్బు దూకుడుగా ఉంటుంది. వయసూ లెక్కలోకి వస్తుంది. ఏడాదిన్నర లోపు పసివాళ్లలో కాలేయానికి, చర్మానికి పాకిన న్యూరోబ్లాస్టోమా కొన్నిసార్లు మందులేమీ లేకుండానే కరిగిపోతుంది. వినడానికి వింతగా ఉన్నా నిజం. మీ పాప ఆ వయసు దాటింది కాబట్టి ఆ ఆశతో ఆగకూడదు. మీ డాక్టర్‌ను అడగాల్సింది ఇది: ఎంవైసీఎన్, మూలుగ ఫలితాలు వచ్చాయా, అన్నీ కలిపి చూస్తే పాప ఏ రిస్కు గ్రూపులోకి వస్తుంది?

ఎంఐబీజీ బొమ్మ చూసి భయపడే తల్లిదండ్రులు చాలామంది ఉంటారు. లాలాజల గ్రంథులు, గుండె, కాలేయం, మూత్రాశయం దగ్గర నల్లగా కనిపించడం మామూలే. స్కాన్ కోసం ఎక్కించే ఎంఐబీజీ మందు ఎవరి ఒంట్లోనైనా అక్కడ చేరుతుంది. పదిమందిలో ఒకరికి కణితి ఆ మందును పీల్చుకోదు, వాళ్లకు పెట్ సీటీ అనే వేరే స్కాన్ చేస్తారు.

తర్వాతి స్కాన్‌కు ముందు పాపకు జలుబు చేస్తే సొంతంగా సిరప్ పట్టకండి. ముక్కుదిబ్బడ తగ్గించే కొన్ని మందులు ఎంఐబీజీని కణితిలోకి చేరనివ్వవు, అప్పుడు ఉన్న జబ్బు కూడా లేనట్టు కనిపించవచ్చు. వాడే మందులన్నీ స్కాన్ చేసేవాళ్లకు ముందే చెప్పండి. థైరాయిడ్‌ను కాపాడటానికి ఇచ్చే అయోడిన్ చుక్కలు మాత్రం మానొద్దు. స్కాన్ల సీడీలన్నీ తేదీలు రాసి దాచండి. రిపోర్టు కాగితం ఒక్కటే ఉంటే పాత స్కాన్‌ను కొత్తదాని పక్కన పెట్టి పోల్చడం కుదరదు.