న్యూయార్క్ నుంచి లండన్: దూరం ఒకటే, పోయే సమయం వేరు, వచ్చే సమయం వేరు

న్యూయార్క్ కెన్నెడీ విమానాశ్రయం నుంచి లండన్ హీత్రూకు దూరమెంత, దాన్ని విమానం వేగంతో భాగిస్తే ప్రయాణ సమయం వచ్చేస్తుందా అని అడిగారు. దూరం సుమారు 5,540 కిలోమీటర్లు. భాగహారం మాత్రం సరిపోదు. నేనూ మొదటిసారి అలాగే లెక్కవేసుకుని బయలుదేరాను.

జెట్ విమానం గంటకు దాదాపు 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఆ లెక్కన ఎటు వెళ్ళినా ఆరు గంటల పది నిమిషాలు చాలాలి. టికెట్ చూస్తే లండన్ వెళ్ళడానికి ఏడు గంటలకు అటూ ఇటూ, తిరిగి రావడానికి ఎనిమిది గంటలకు అటూ ఇటూ ఉంటుంది. పోవడానికీ రావడానికీ మధ్య ఉన్న ఈ తేడా అంతా గాలిదే. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం వీస్తుంటుంది, చలికాలంలో మరీ ఉద్ధృతంగా. లండన్ వెళ్ళే రాత్రి, ఎదురుగా ఉన్న చిన్న తెర మీద వేగం 1,080 అని కనబడేసరికి ధ్వని వేగాన్ని దాటేశామేమో అనుకున్నాను. దాటలేదు. చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే విమానం ఆ 900 దగ్గరే ఉంది, మిగతాది గాలి మోసుకుపోయిన వేగం. తిరుగు ప్రయాణంలో అదే అంకె చాలాసేపు 790 దగ్గరే వేలాడింది. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలులు కలిసొచ్చి, బ్రిటిష్ ఎయిర్‌వేస్ వారి బోయింగ్ 747 విమానం ఒకటి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లోనే చేరింది. అలాంటి రోజు మీకు తగులుతుందని మాత్రం ఆశపడకండి.

టికెట్ మీద ఉండేది గేటు వదిలినప్పటి నుంచి గేటు చేరేదాకా పట్టే సమయం. రన్‌వే దాకా నెమ్మదిగా సాగడం, పైకి ఎక్కడం, కిందికి దిగడం అన్నీ అందులోనే.

దూరం విషయంలో ఇంకో మాట. గోడ మీది పటంలో స్కేలు పెట్టి కొలవకండి. గ్లోబు మీద రెండు నగరాల మధ్య దారం బిగించి చూడండి, అది ఉత్తరానికి వంగి కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవి మీదుగా పోతుంది. ఆ 5,540 ఈ దారం పొడవే. విమానం అచ్చంగా ఆ గీత మీదే పోదు. అట్లాంటిక్ మీద దారులను గాలిని బట్టి ఏ రోజుకు ఆ రోజు నిర్ణయిస్తారు.

నేను అసలు దెబ్బతిన్నది గడియారం దగ్గర. న్యూయార్క్ సమయం లండన్ కంటే ఐదు గంటలు వెనక. కానీ వేసవి కోసం గడియారాన్ని అమెరికా మార్చి రెండో ఆదివారమే ముందుకు జరుపుతుంది, బ్రిటన్ చివరి ఆదివారం దాకా ఆగుతుంది. ఆ మధ్య రోజుల్లో తేడా నాలుగు గంటలే. సరిగ్గా అప్పుడే లండన్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్కి, ఎనిమిది గంటల ప్రయాణంలోంచి ఐదు తీసేసి, సాయంత్రం నాలుగింటికి దిగుతానని స్నేహితుడికి చెప్పాను. టికెట్ మీద స్థానిక సమయం ఐదు గంటలని స్పష్టంగానే ఉంది, నేనే చూడలేదు. పాపం, ఆయన నాలుగింటికే వచ్చి కూర్చున్నాడు.