చీకటి గదిలో శబ్దం పెట్టే ముందు

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ ప్రణాళిక చదివాను. ప్రదర్శన గదిలో మళ్లీ మళ్లీ తిరిగే ఏడు నిమిషాల వీడియో, ఒకే గది, ఒకే తలుపు, ప్రమాదం నుంచి బయటపడ్డ ఒక మనిషి గొంతు. ఆలోచన బాగుంది. కానీ నాలుగు చోట్ల "ఇక్కడ పెద్ద శబ్దం" అని రాశావు. ఆ నాలుగూ తీసెయ్. హఠాత్తుగా పేలిన శబ్దానికి రెప్పలు పడతాయి, మెడ బిగుస్తుంది, కాసేపట్లోనే ఒళ్లు సర్దుకుంటుంది. రెండోసారి అంత పనిచేయదు. మూడోసారికి చూసేవాళ్లు నవ్వేస్తారు. నువ్వు చూపించాలనుకున్నది, ఆ ఉలికిపాటు వదిలిపోయాక కూడా ఏళ్ల తరబడి ఒంట్లో మిగిలే జాగ్రత్త కదా. దానికి కావలసిన శబ్దాలు చాలా చిన్నవి.

ముందు శబ్దం పూర్తి చెయ్, ఎడిటింగ్ తర్వాత చూసుకోవచ్చు. బొమ్మ ముందే తయారైతే శబ్దం దానికి నేపథ్య సంగీతంలా తయారవుతుంది, అక్కడినుంచి వెనక్కి రావడం కష్టం. ఏడు నిమిషాలూ దీపాలార్పి శబ్దం ఒక్కటే విను. మనసు పక్కకి పోయిన చోటల్లా కాగితం మీద సమయం రాసుకో, అక్కడ కోత పెట్టు.

ఆ గదిలో ఎవరూ లేనప్పుడు కనీసం రెండు నిమిషాల ఖాళీ శబ్దం రికార్డు చెయ్. ఫ్యానూ ఫ్రిజ్జూ ఆపి ఒకసారి, నడుస్తుండగా ఒకసారి. 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48 వేల నమూనాలు), 24 బిట్ సరిపోతుంది, గరిష్ఠ స్థాయి మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండనీ. వేగం తగ్గించి వాడదలచుకున్నవి మాత్రం 96లో తియ్యి. 48లో తీసినదాన్ని సగం వేగానికి దించితే 12 కిలోహెర్ట్జ్ పైన ఏమీ మిగలదు, దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. మైకు కూడా 20 కిలోహెర్ట్జ్ దాటి పట్టగలిగేదై ఉండాలి, లేకపోతే ఫైలు పెద్దదవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

నిశ్శబ్దం కావలసిన చోట ట్రాకును పూర్తిగా ఖాళీ చెయ్యకు. ఏమీ లేకపోతే స్పీకరు పాడైందనుకుంటారు. ఆ ఖాళీ గది శబ్దాన్నే అక్కడ పరుచు. ఇంకా మంచి ఉపాయం ఒకటుంది: ఫ్రిజ్ హోరును ఒకటిన్నర నిమిషం పాటు చాలా నెమ్మదిగా పెంచుకుంటూ రా. అంత నిదానంగా వచ్చేదాన్ని చెవి పట్టించుకోదు. తర్వాత ఒక్క ఫ్రేములో తీసెయ్. అంతసేపూ ఏదో మోగుతోందని అది ఆగాకే తెలుస్తుంది, ఆ క్షణంలో గదిలో ఉన్నవాళ్లంతా ఊపిరి బిగబడతారు. నీ నాలుగు పెద్ద శబ్దాలూ చెయ్యలేని పని ఇది. ఏడు నిమిషాల్లో ఒక్కసారే వాడు.

ఇక నీ తలుపు. దీనిమీద ఎక్కువ సమయం పెట్టు. బజర్లలో వాడే 27 మిల్లీమీటర్ల పియెజో బిళ్ల తీసుకో, తలుపు అదురును అది నేరుగా విద్యుత్తుగా మార్చి మైకులా పనిచేస్తుంది. షీల్డు ఉన్న తీగలో లోపలి తీగను మధ్యనున్న తెల్లటి భాగానికి, షీల్డును ఇత్తడి అంచుకి టంకం పెట్టు. టంకం కాడ రెండు సెకన్లకు మించి ఆనించకు, వేడికి ఆ తెల్లటి పింగాణీ పూత చెడిపోతుంది. రెండు వైపులా జిగురున్న టేపుతో బిళ్లను బందు పక్కన గట్టిగా అదిమి అంటించు. వదులుగా అంటిస్తే బిళ్లే గిలగిలలాడి ఆ చప్పుడే వస్తుంది. మామూలు మైకు ఇన్‌పుట్‌లో పెడితే శబ్దం పలచగా, రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. ఈ బిళ్లకు ఎదురుగా ఇన్‌పుట్‌లో ఒక మెగాఓమ్ దాకా ఇంపెడెన్సు (విద్యుత్తుకి అడ్డు) కావాలి కాబట్టి గిటారుకిచ్చే ఇన్‌పుట్‌లో పెట్టు.

ఇప్పుడు తలుపును వీలైనంత నెమ్మదిగా, నలభై సెకన్లు పట్టేలా తెరువు. కీచుమనే శబ్దం విడిపోయి విడివిడి టిక్కులుగా వినిపిస్తుంది. ఇనుము ఇనుముకి పట్టుకుని, జారి, మళ్లీ పట్టుకుంటోంది, ఒక్కో జారుడికి ఒక్కో టిక్కు. సెకనుకు ఇరవై లోపు టిక్కులైతే వాటిని విడిగా వింటాం. తలుపు వేగం పెంచితే అవి కలిసిపోయి గరుకుగా మారతాయి, ఇంకా పెంచితే ఒక స్వరమైపోతుంది. నీకు కావలసింది ఆ మధ్య గరుకు. మనిషి అరుపులో శబ్దం సెకనుకు సుమారు 30 నుంచి 150 సార్లు హెచ్చుతగ్గులవుతుంది, మామూలు మాటలో ఆ ఊగు నాలుగైదు సార్ల దగ్గరే ఉంటుంది. తలుపును ఆ వేగంలో కదిలిస్తే ఎవరూ అరవకుండానే అరుపు లక్షణం గదిలోకి వస్తుంది. వేరే శబ్దాన్ని గరుకు చెయ్యాలంటే ట్రెమోలో ఎఫెక్టును (శబ్దాన్ని చకచకా హెచ్చించి తగ్గించేది) 70 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 70 సార్ల దగ్గర పెట్టి, లోతు సగానికి మించకుండా చూడు. పూర్తి లోతు పెడితే యంత్రం మోతలా తయారై భయం పోతుంది.

అసలు అరుపు వాడాలా అని అడిగావు. ప్రమాదాల్లో రికార్డయిన నిజమైన అరుపులు వద్దు, ఆ మనుషులు దానికి ఒప్పుకోలేదు. నటిని పెట్టి తీసినా నేరుగా వినిపించకు. అమెరికన్ వీడియో కళాకారుడు బిల్ వయోలా 1983లో చేసిన 'ఆంథెమ్' అనే వీడియోలో లాస్ ఏంజెలెస్ రైల్వే స్టేషన్లో ఒక పదకొండేళ్ల పాప వేసిన ఒకే ఒక్క కేకను సాగదీసి, స్థాయి మార్చి, మొత్తం శబ్దాన్ని దాన్నుంచే అల్లాడు. సాగదీసినప్పుడు అరుపు మూలుగవుతుంది, యంత్రమవుతుంది, ఎవరిదో తెలియకుండా పోతుంది. అలా తెలియకపోవడమే నీకు పనికొస్తుంది.

కింది స్థాయి (లోతైన, బొంగురు) శబ్దానికి 60, 63 హెర్ట్జ్ సైన్ తరంగాలు (ఒక్కోటి ఒకే శుద్ధ స్వరం) రెండూ కలిపి పెట్టు, సెకనుకు మూడుసార్లు గదంతా మెల్లగా ఊగుతుంది. చిన్న స్పీకర్లు వాటిని సరిగా పలకవు. అలాంటి చోట 80, 120, 160 హెర్ట్జ్ కలిపి వినిపిస్తే అసలు లేని 40ని చెవి తనే ఊహించుకుంటుంది. 20 హెర్ట్జ్ లోపు వినబడని శబ్దంతో దయ్యాలు కనిపిస్తాయన్న ప్రచారాన్ని పట్టించుకోకు. మామూలు స్పీకర్లలో దానివల్ల కోన్ (స్పీకరు పొర) ఊగి మిగతా శబ్దం చెడడమే జరుగుతుంది. 30 హెర్ట్జ్ కింద అంతా ఫిల్టరుతో కోసెయ్.

అడుగుల చప్పుడు బొమ్మకన్నా రెండు మూడు ఫ్రేములు ముందే వినిపించేలా జరుపు. సెకనుకు 25 ఫ్రేములైతే ఒక్కోటి 40 మిల్లీసెకన్లు. శబ్దం ఆలస్యమైతే కొంత ఓర్చుకుంటాం, దూరపు శబ్దం అలా రావడం మనకు అలవాటే. ముందొస్తే మాత్రం ఎందుకో తెలియకపోయినా మనసు ఒప్పుకోదు. ప్రదర్శన గదిలో ప్రొజెక్టరు తనవంతు ఆలస్యం కలుపుతుంది, అందుకే చప్పట్ల వీడియో ఒకటి తీసి అక్కడే సరిచూసుకో.

ఆ మనిషి గొంతుకి ఏ ఎఫెక్టూ పెట్టకు. మాటలు తగ్గించు, మాటకి ముందు పీల్చే ఊపిరి ఉంచు. ఒకసారి చెప్పినదాన్ని ఇంకా బాగా రావాలని రెండోసారి చెప్పించకు, మైకు గరగరలాడినా సరే, అదే వాడు. పూర్తయిన వీడియో ముందుగా తనకి చూపించు. ఏ వాక్యం తీయమన్నా, మొత్తం వద్దన్నా మారుమాట్లాడకుండా ఒప్పుకో. ఈ మాట రికార్డింగుకి ముందే కాగితం మీద రాసివ్వాలి.

నీ చెవిని కూడా నమ్మకు తల్లీ. యాభైసార్లు విన్న గరుకు నీకు గరుకుగా అనిపించదు, తెలియకుండానే పెంచేస్తావు. మొదటి రోజే స్పీకరు వాల్యూమ్ ఎక్కడుండాలో నాబ్ మీద గుర్తు పెట్టి ఇక ముట్టుకోకు. గంటకోసారి బయటికెళ్లి నడువు. ఎవరికైనా వినిపించేటప్పుడు "భయమేసిందా" అని అడగకు, మర్యాదకి అవునంటారు. వెనక కూర్చుని భుజాలు చూడు. ఎక్కడ బిగుసుకున్నాయి, ఎక్కడ జారాయి, అదే నీ జాబితా.

గదిలో అన్నిటికంటే బిగ్గరగా ఉండే చోట, ప్రేక్షకుడి చెవి దగ్గర మీటరు పెట్టి 85 డెసిబెల్స్ దాటకుండా చూడు. మిగతాదంతా 65, 70 మధ్య ఉంటే చాలు. స్పీకరును మూలకి ఆనిస్తే కింది స్థాయులు ఉబ్బుతాయి, గోడకి దూరంగా జరుపు. ఒక్కటి ప్రేక్షకుల వెనక పెట్టి తలుపు టిక్కులు దాన్లోంచే రానివ్వు. వీడియో మళ్లీ మళ్లీ తిరగాలి కాబట్టి శబ్దం ఎంపీత్రీ, ఏఏసీలలో ఇవ్వకు. వాటి మొదట్లో చిన్న ఖాళీ చేరి, లూపు కలిసే చోట టక్కుమంటుంది. కుదించని పీసీఎం (వేవ్ లాంటి ఫైలు) ఇవ్వు, రెండు చివరలా అయిదు మిల్లీసెకన్ల ఫేడ్ పెట్టు. ప్లేయరు లూపుల మధ్య నల్లతెర చూపిస్తుందేమో రెండు గంటలు నడిపి చూడు. తెర మీద వెలుగు సెకనుకు మూడుసార్లకు మించి మిణుకుమనకూడదు, మూర్ఛ ఉన్నవాళ్లకి ప్రమాదం.

గుమ్మం బయట బోర్డు మీద "కలవరపెట్టే దృశ్యాలు" అని ముక్తసరిగా రాయకు. ఏ రకం ప్రమాదం గురించో, ఎంతసేపో, చీకటి ఉంటుందో లేదో, ఏ నిమిషంలో శబ్దం హఠాత్తుగా ఆగుతుందో రాయి. అలాంటిది అనుభవించినవాళ్లు లోపలికి రావాలా వద్దా అన్నది తామే తేల్చుకోవాలి కదా. బయటికి దారి చూపే చిన్న దీపం ఎప్పుడూ వెలుగుతుండాలి, అది నీ చీకటిని కొంచెం చెడగొట్టినా సరే. గది బయట కూర్చునే మనిషికి శబ్దాన్ని ఒక్క స్విచ్చితో ఆపడం, దీపాలు వెయ్యడం నేర్పు. ప్రదర్శనకి ముందురోజు నువ్వు పక్కన లేకుండా వాళ్ల చేతే రెండుసార్లు చేయించు.

ఆశీస్సులతో,
పెద్దనాన్న