రెక్కలున్నా పక్క కొండకి ఎందుకు పోవు?

మీరు అడిగింది: సీతాకోకచిలుకకి రెక్కలున్నాయి కదా, ఉన్న చోటు చిన్నదైతే ఎగిరి పక్క కొండకి పోదా? పోగలదు, కానీ చాలావరకు పోదు. నేను కీటకశాస్త్రం చదవలేదు. ఉండేది కెనడాలోని క్యాల్గరీలో, వేసవిలో జంపింగ్‌పౌండ్ రిడ్జ్ ఎక్కడం అలవాటు. ఆల్బర్టా యూనివర్సిటీకి చెందిన జెన్స్ రోలాండ్ బృందం ఏళ్ల తరబడి సరిగ్గా ఈ విషయం మీదే పనిచేసిన కొండ అది.

జులై, ఆగస్టుల్లో అక్కడ రాకీ మౌంటెన్ అపోలో అనే సీతాకోకచిలుక కనిపిస్తుంది. తెల్ల రెక్కలు, వాటి మీద ఎర్ర చుక్కలు. దాని గొంగళిపురుగు తినేది స్టోన్‌క్రాప్ అనే మందపాటి ఆకుల చిన్న మొక్క. అది పెరిగేది కొండ పైభాగంలో, చెట్లు లేని పచ్చిక నేలల్లో. ఒక పచ్చికకీ ఇంకోదానికీ మధ్య అడవి అడ్డం. పరిశోధకులు మార్కర్‌తో రెక్కల మీద అక్షరాలు రాసి వదిలేసి, మళ్లీ ఎక్కడ దొరుకుతాయో చూశారు. 2000లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మధ్యలో పచ్చిక ఉంటే సులువుగా దాటే దూరాన్ని అడవి ఉంటే అంతగా దాటవు. నేనూ చూశాను: చెట్ల నీడ దాకా వచ్చి, గోడ తగిలినట్టు వెనక్కి తిరుగుతాయి. అంత చలిలో ఎండ తగలకపోతే ఒళ్లు వేడెక్కదు, వేడెక్కకపోతే ఎగరలేవు. కాబట్టి మ్యాప్‌లో కిలోమీటర్లు చూసి "దగ్గరే కదా" అనుకుంటే కుదరదు.

చిన్న చోటుతో వచ్చే చిక్కు ఇంకా విచిత్రం. ఖాళీగా ఉన్న చోటికి వలస పోతాయని మనం అనుకుంటాం. ఇవి తమవాళ్లు తక్కువున్న పచ్చికని వదిలేసి, ఎక్కువున్న దానికే చేరతాయి. జత దొరకాలి కదా మరి! దాంతో చిన్న గుంపు ఇంకా చిన్నదవుతుంది. పైగా దశాబ్దాలుగా కార్చిచ్చుల్ని ఆర్పేస్తూ రావడంతో అడవి పైకి పాకి, ఆ పచ్చికలు కుంచించుకుపోయాయి.

మాత్‌ల (ఎక్కువగా రాత్రిపూట ఎగిరే, సీతాకోకచిలుకల్లాంటి పురుగులు) సంగతికొస్తే, అవి ఏ ఎత్తులో ఉంటాయో చూడటానికి బోర్నియోలోని కినబాలు కొండ మీద 1965లో చేసిన సర్వేని 2007లో మళ్లీ చేశారు. వాతావరణం వేడెక్కడంతో అవి సగటున 67 మీటర్లు పైకి జరిగాయి. పైకి పోయేకొద్దీ వేడి తగ్గుతుంది నిజమే, సాధారణంగా నేల కూడా తగ్గుతుంది.

మన వైపు ఉదాహరణ కావాలంటే ఊటీ, కొడైకెనాల్ చూడండి. అక్కడి కొండల మీది సహజమైన గడ్డి నేలల్లో తుమ్మ జాతి వాటిల్, యూకలిప్టస్, పైన్ చెట్లు నాటారు. టూరిస్టులు ఫొటోలు దిగే ఆ "అందమైన పైన్ ఫారెస్ట్" అలా నాటిందే. నీలగిరి క్లౌడెడ్ యెల్లో లాంటి గడ్డి నేలల సీతాకోకచిలుకకి అది పచ్చదనం కాదు, అడ్డం.